నేర్చింది మరిచిపోయే పసిబిడ్డ

పసిపిల్లలందరూ ఒకే తీరుగా పెరగరు. పక్కింటి పాప నాలుగో నెలకే బోర్లపడితే మీ పాప ఐదో నెల వెళ్ళేదాకా పడకపోవచ్చు. ఒకడు తొమ్మిదో నెలలోనే గోడ పట్టుకుని నిలబడతాడు. ఇంకొకడు ఏడాది నిండాక గాని లేవడు. ఇలాంటి తేడాలకు తల్లులు కంగారు పడనక్కరలేదు.

కాని ఒక్క సంగతి మాత్రం ప్రతి తల్లీ, ప్రతి అమ్మమ్మా, నాయనమ్మా గుర్తుంచుకోవాలి. ఆలస్యంగా నేర్చుకోవటం వేరు, నేర్చుకున్నది పోగొట్టుకోవటం వేరు. నిన్నటిదాకా మెడ నిలబెట్టిన బిడ్డ ఇవాళ మెడ వాల్చేస్తున్నా, పిలిస్తే నవ్వే బిడ్డ మొహంలోకి చూడటం మానేసినా, కూర్చోగలిగిన బిడ్డ కూలబడిపోతున్నా అది సోమరితనం కాదు, దిష్టి కాదు, పళ్ళు వచ్చే బాధ కాదు. వైద్యుడికి వెంటనే చూపించవలసిన లక్షణం.

ఇలా వెనక్కి నడిచే జబ్బులు కొన్ని ఉన్నాయి. అన్నీ నయం కానివి కావు. నయమయ్యేవాటిని సకాలంలో గుర్తించాలి. నయం కానివాటికి పేరు తెలుసుకోవాలి. పేరు తెలిస్తే తర్వాతి కాన్పు విషయంలో ఆ దంపతులు చీకట్లో తడుముకోనక్కరలేదు. ఈ వారం అలాంటి జబ్బుల్లో వైద్యశాస్త్రం బాగా అర్థం చేసుకున్న ఒకదాన్ని, టే-సాక్స్ జబ్బును, ఆధారం చేసుకుని ఈ విషయం వివరిస్తాం.

మెదడులో కొవ్వుకు ఏం పని?

మెదడంటే మాంసం ముద్ద అనుకుంటారు చాలామంది. నీటిని తీసేస్తే మిగిలేదాంట్లో సగానికి పైగా కొవ్వు జాతి పదార్థాలే. ఒంటికి పట్టే కొవ్వుకూ దీనికీ సంబంధం లేదు. ఇది నిలవకోసం దాచుకున్న కొవ్వు కాదు, కట్టడానికి వాడిన కొవ్వు.

మన శరీరంలో ప్రతి జీవకణానికీ చుట్టూ పలచని పొర ఒకటి ఉంటుంది. నాడీకణానికి ఈ పొరే ప్రాణం. ఒక కణంనుంచి మరో కణానికి కబురు పోవాలన్నా, విద్యుత్తు లాంటి ఆ కదలిక నరం పొడుగునా పరుగెత్తాలన్నా ఈ పొర సవ్యంగా ఉండాలి. ఈ పొరలో ఉండే కొవ్వుల్లో గ్లైకోస్ఫింగోలిపిడ్లు అనే జాతి ఒకటుంది. పేరు నోరు తిరగనిదే గాని సంగతి తేలికైనదే. ఒక కొసన కొవ్వు, రెండో కొసన చక్కెర గొలుసు.

వరినాటు ఊహించుకోండి. మొక్క వేరు బురదలో దిగి ఉంటుంది, ఆకులు పైకి తేలి ఉంటాయి. అలాగే ఈ పదార్థపు కొవ్వు తోక పొరలో పాతుకుని ఉంటుంది, చక్కెర గొలుసు కణం బయటికి తొంగి చూస్తూ ఉంటుంది. ఆ గొలుసులో సయాలిక్ ఆమ్లం అనే ప్రత్యేకమైన చక్కెర కూడా ఉంటే దాన్ని గాంగ్లియోసైడ్ అంటారు. మన శరీరంలో ఇవి అన్నిటికంటె ఎక్కువగా ఉండేది మెదడులోని బూడిదరంగు భాగంలో, అంటే నాడీకణాలు గుంపులుగా ఉండే చోట. నరాల మీద విద్యుత్తు తీగ తొడుగులా ఉండే తెల్లని మయలిన్ పొరలో మరో రకం గ్లైకోస్ఫింగోలిపిడ్లు ఉంటాయి.

ఈ పదార్థాల జాతిని మొదట గుర్తించినవాడు థూడికం అనే వైద్యుడు. జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు. మెదడు రసాయనాల మీద ఆయన రాసిన పుస్తకం 1884లో వెలువడింది. ఇందులో ఉన్న ఒక వింత పదార్థం పొడుపుకథలా అంతుపట్టకపోవటంతో, పొడుపుకథలు వేసే గ్రీకు పురాణాల స్ఫింక్స్ పేరు మీదుగా దానికి స్ఫింగోసిన్ అని నామకరణం చేశాడు. జర్మన్ రసాయనవేత్త ఎర్నెస్ట్ క్లెంక్ 1942లో గాంగ్లియోసైడ్ అనే పేరు పెట్టాడు.

బయటికి తొంగిచూసే ఆ చక్కెర గొలుసులు ఊరికే అలంకారానికి లేవు. పక్క కణాన్ని గుర్తుపట్టటానికి, నరాన్నీ దాని తొడుగునూ కలిపి ఉంచటానికి, బయటినుంచి వచ్చే కబుర్లు అందుకోవటానికి అవి ఉపయోగపడతాయి. ఇంటి ముందు పేరు బల్లలాంటివన్నమాట. శత్రువులు కూడా ఈ పేరు బల్లలు చదవగలరు. పేగుల్లో కలరా విషం కణంలోకి దిగేది జీఎం1 అనే గాంగ్లియోసైడ్‌ను పట్టుకునే. విరేచనాలు కలిగించే కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి పైతొడుగు మన నరాల గాంగ్లియోసైడ్‌ను పోలి ఉంటుంది. దాని మీదికి మన శరీరం తయారుచేసుకున్న ఆయుధాలు ఒక్కొక్కప్పుడు పొరబడి మన నరాల మీదనే పడతాయి. 2025 జనవరిలో పూణెలో కలకలం రేపిన గులియన్-బారీ జబ్బు వచ్చే దారుల్లో ఇదొకటి. ఈ కొవ్వు పదార్థాలు మన నరాలకు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

పాతది పోతేనే కొత్తది

ఇల్లు ఒకసారి కడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. జీవకణం అలా కాదు. తన పొరను తానే ఎప్పటికప్పుడు పాతది తీసేసి కొత్తది వేసుకుంటూ ఉంటుంది. పసిబిడ్డ మెదడు ఎదిగే కాలంలో ఈ పని మరీ ముమ్మరంగా సాగుతుంది. అరిగిపోయిన గాంగ్లియోసైడ్లను కణం లోపలికి లాక్కుని, లైసోజోము అనే చిన్న సంచిలో వేసి ముక్కలు చేస్తుంది. ఈ సంచిని 1955లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ కనుగొన్నాడు. 1974లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఆయన ఒకడు.

ముక్కలు చేసే పని ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. చక్కెర గొలుసును పూసల దండ అనుకోండి. చివరి పూస తీస్తేగాని దాని వెనక పూస రాదు. ఒక్కో పూసను తీయటానికి ఒక్కో ఎంజైము ఉంటుంది. ఒక ఎంజైము చేసే పని ఇంకొకటి చేయలేదు. వరసలో ఒక్క ఎంజైము లేకపోతే చాలు, దండ అక్కడే ఆగిపోతుంది.

టే-సాక్స్ జబ్బులో జరిగేది ఇదే. హెక్సోసామినిడేజ్-ఏ అనే ఎంజైము ఉండదు. దాంతో జీఎం2 అనే గాంగ్లియోసైడ్ దగ్గర పని ఆగిపోతుంది. కొత్తవి వచ్చి పడుతూనే ఉంటాయి, పాతవి బయటికి పోవు. చెత్తబండి రాని వీధిలో చెత్త పేరుకున్నట్టు నాడీకణం లోపల ఆ కొవ్వు పేరుకుంటుంది. కణం ఉబ్బుతుంది, పని తగ్గుతుంది, చివరికి చచ్చిపోతుంది. చర్మం, రక్తం లాంటి చోట్ల చచ్చిన కణాల స్థానంలో కొత్తవి పుడతాయి. నాడీకణాలకు ఆ భాగ్యం లేదు.

ఈ ఎంజైము లేకపోవటమే జబ్బుకు మూలమని 1969లో ఒకాడా, ఓబ్రయన్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. అంతకు ఎనభై ఏళ్ళకు పైగా ముందే, 1881లో, లండన్ కంటివైద్యుడు వారెన్ టే ఒక పసిబిడ్డ కంటి వెనుక ఎర్రని చుక్కను చూసి నమోదు చేశాడు. 1887లో న్యూయార్క్ నరాల వైద్యుడు బెర్నార్డ్ సాక్స్ ఇదే జబ్బును వివరించాడు. ఆ ఇద్దరి పేర్లే దీనికి నిలిచిపోయాయి.

బిడ్డలో ఏం కనిపిస్తుంది?

ఈ జబ్బు ఉన్న బిడ్డ పుట్టినప్పుడు నిక్షేపంలా ఉంటాడు. బరువు బాగానే ఉంటుంది, పాలు తాగుతాడు, నవ్వుతాడు. కొవ్వు పేరుకోవటం కడుపులో ఉండగానే మొదలైనా, దాని ఫలితం బయటపడటానికి కొన్ని నెలలు పడుతుంది. సాధారణంగా మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య మొదటి గుర్తులు కనిపిస్తాయి.

అన్నిటికంటె ముందు తల్లి గమనించేది ఉలికిపాటు. గిన్నె కిందపడ్డా, తలుపు చప్పుడైనా బిడ్డ ఒళ్ళంతా జలదరించి చేతులు చాచి ఉలిక్కిపడతాడు. పసిపిల్లలు ఉలిక్కిపడటం మామూలే. కాని మామూలు బిడ్డ రెండుమూడుసార్లు అదే చప్పుడు వింటే అలవాటు పడతాడు. ఈ బిడ్డ ప్రతిసారీ అంతే తీవ్రంగా ఉలిక్కిపడతాడు, నెలలు గడిచినా అది తగ్గదు.

ఆ తర్వాత ఒళ్ళు మెత్తబడుతుంది. మెడ వాలుతుంది. బోర్లపడటం, కూర్చోవటం వస్తే వచ్చి పోతాయి. చూపు నిలవదు, గిలక ఆడిస్తే కళ్ళు దాని వెంట తిరగవు. ఏడాది దాటేసరికి చూపు బాగా తగ్గిపోతుంది, మూర్ఛలు రావచ్చు. మింగటం కష్టమవుతుంది. తర్వాత తల పెద్దదవుతుంది. ఈ రకం జబ్బు వచ్చిన పిల్లలు సాధారణంగా నాలుగైదేళ్ళకు మించి బతకరు. ఈ మాట రాయటం కష్టమే, కాని దాచి ప్రయోజనం లేదు. నిజం తెలియక ఊరూరా తిరిగి ఉన్నదంతా ఊడ్చుకునే తల్లిదండ్రులకు నిజమే మేలు చేస్తుంది.

కంటి వెనుక ఆ ఎర్రని చుక్క ఎందుకు కనిపిస్తుందంటే, కంటిలోని నాడీకణాలు కూడా కొవ్వుతో ఉబ్బి తెల్లగా పాలిపోతాయి. చూపుకు నడిబొడ్డయిన చోట ఆ కణాలు ఉండవు. అందుకని చుట్టూ తెలుపు, నడుమ ఎరుపు. పరికరంతో కన్ను పరీక్షించిన వైద్యుడికి ఇది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ఇలాంటి చుక్క మరికొన్ని జబ్బుల్లో కూడా ఉంటుంది కనుక రక్తపరీక్షతో నిర్ధారణ చేసుకోవాలి.

వరసలో వేరే ఎంజైము లోపిస్తే వేరే జబ్బు వస్తుంది. గాషే జబ్బులో ప్లీహం పెద్దదై పొట్ట ఉబ్బుతుంది, రక్తం తగ్గుతుంది. క్రాబే జబ్బులో మయలిన్ తొడుగు పాడైపోతుంది. శాండాఫ్ జబ్బు టే-సాక్స్‌కు తోబుట్టువులాంటిది. పేర్లు మీరు కంఠస్థం చేయనక్కరలేదు. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవని తెలిస్తే చాలు.

నయమయ్యేవి కూడా ఉన్నాయి

నేర్చింది మరిచిపోయే ప్రతి బిడ్డకూ టే-సాక్స్ ఉందని హడలిపోకండి. అది చాలా అరుదు. మన దేశంలో ఇంతకంటె ఎక్కువగా కనిపించేది, పూర్తిగా మందుకు లొంగేది ఒకటుంది. అది బి-12 విటమిన్ లోపం.

తల్లి ఒంట్లో బి-12 తక్కువగా ఉంటే ఆమె పాలలోనూ తక్కువే ఉంటుంది. ఏడెనిమిది నెలలు దాటినా తల్లిపాలు తప్ప వేరే ఆహారం పెట్టకపోతే, బిడ్డ పైకి బొద్దుగా ఉన్నా మందకొడిగా మారతాడు. నవ్వు తగ్గుతుంది, రంగు పాలిపోతుంది, వేళ్ళ కణుపులు నల్లబడతాయి, చేతులు వణుకుతాయి, వచ్చిన ఆటలు పోతాయి. దీన్ని సకాలంలో గుర్తించి బి-12 ఇస్తే కొద్ది రోజుల్లోనే బిడ్డ మొహంలో నవ్వు తిరిగి వస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం కొంత లోపం మిగిలిపోవచ్చు. కేవలం శాకాహారం తిని, పాలు పెరుగు కూడా అంతంతమాత్రంగా తీసుకునే తల్లులు ఈ సంగతి గర్భవతిగా ఉన్నప్పుడే వైద్యుడితో చెప్పాలి.

ఇంకొకటి, పసిపిల్లలకు వచ్చే ఒక రకం మూర్ఛ. బిడ్డ నమస్కారం పెట్టినట్టు ఒక్కసారిగా ముందుకు వంగి, చేతులు ముడుచుకుంటాడు. వెంటవెంటనే పదిసార్లు అలా జరుగుతుంది, ముఖ్యంగా నిద్ర లేచినప్పుడు. కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు పడుతూ కూర్చుంటారు. ఇది కూడా త్వరగా మందు మొదలుపెడితే ఫలితం ఉండే జబ్బే. ఎన్నిరోజులు ఆలస్యమైతే అంత నష్టం.

అందుచేత తాయెత్తు కట్టించినా, దిష్టి తీసినా మీ ఇష్టం. కాని దానికోసం వైద్యుడి దగ్గరకు వెళ్ళటం ఒక్క వారం కూడా వాయిదా వేయకండి. బిడ్డ చేసే వింత కదలికను ఫోనులో వీడియో తీసి పట్టుకువెళ్ళండి. నోటితో చెప్పేదానికంటె అది వైద్యుడికి ఎక్కువ చెబుతుంది.

ఇది ఎలా సంక్రమిస్తుంది?

ప్రతి ఎంజైమును తయారుచేసే సూత్రం జన్యువులో ఉంటుంది. ప్రతి జన్యువూ మనకు జంటగా ఉంటుంది, ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. రెంటిలో ఒకటి చెడిపోయినా రెండోది పని నడిపిస్తుంది. అలాంటి మనిషి పూర్తి ఆరోగ్యంతో నూరేళ్ళు బతకవచ్చు. తనలో ఒక చెడు జన్యువు ఉందన్న అనుమానమైనా రాదు. వీరిని వాహకులు అంటారు.

భార్యాభర్తలిద్దరూ ఒకే జబ్బుకు వాహకులైనప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాత ముగ్గురికీ రాదని కాదు దీని అర్థం. ప్రతి కాన్పూ కొత్తగా పందెం వేసినట్టే. వరసగా ఇద్దరికి రావచ్చు, నలుగురిలో ఒక్కరికీ రాకపోవచ్చు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇలాంటి బిడ్డ పుడితే కోడలి జాతకాన్నో, ఆమె తిన్న తిండినో, గ్రహణం రోజున ఆమె చేసిన పనినో ఆడిపోసుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. టే-సాక్స్ జబ్బు రావాలంటే తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి చెడు జన్యువులు రావాలి. సగం తల్లిదైతే సగం తండ్రిది. అందులో తప్పు మాత్రం ఇద్దరిలో ఎవరిదీ కాదు. మరో పెళ్ళి ఆలోచనలు చేసే అత్తమామలు ఈ వాక్యం రెండోసారి చదవాలి.

మేనరికాల సంగతి

మన తెలుగునాట మేనమామనో, మేనబావనో చేసుకోవటం తరతరాల ఆచారం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తమిళనాడు, కర్ణాటకలతోపాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మేనరికం చేసుకున్నవారందరికీ జబ్బు పిల్లలు పుడతారనుకోవటం తప్పు. చాలామందికి చక్కని పిల్లలే పుడుతున్నారు. కాని లెక్క మాత్రం తెలుసుకోవాలి.

ఒక అమ్మమ్మ ఈ జబ్బుకు వాహకురాలనుకుందాం. ఆమె కొడుక్కి ఆ జన్యువు వెళ్ళే అవకాశం సగం. కూతురికి కూడా సగం. ఆ కూతురి కూతురికి నాలుగో వంతు. ఇప్పుడు ఆ కొడుకూ ఆ మనవరాలూ, అంటే మేనమామా మేనకోడలూ పెళ్ళి చేసుకుంటే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 32లో ఒకటి. అదే కొడుకు సంబంధంలేని పిల్లను చేసుకుంటే? సాధారణ జనంలో సుమారు 300 మందిలో ఒకరు టే-సాక్స్ వాహకులని లెక్క వేస్తారు. దాని ప్రకారం చూస్తే బిడ్డకు వచ్చే అవకాశం 2400లో ఒకటి. ఎంత తేడానో చూడండి. బావామరదళ్ళయితే, ఇద్దరికీ ఉమ్మడి అయిన తాతా అవ్వల్లో ఒకరు వాహకులైనప్పుడు ఈ లెక్క 64లో ఒకటికి వస్తుంది.

ఈ లెక్క ఒక్క టే-సాక్స్‌కే కాదు. ఇదే పద్ధతిలో వచ్చే జబ్బులన్నిటికీ దగ్గరి సంబంధం ఇలాగే దారి ఇస్తుంది. కనుక సంబంధం కలుపుకునేముందు ఇంటి పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. మన వంశంలో పసితనంలోనే మూర్ఛలతో పోయినవారు, నడక పోయినవారు, చూపు పోయినవారు ఎవరైనా ఉన్నారా? పూర్వం "బాలగ్రహం పట్టింది" అని సరిపెట్టిన మరణాల్లో ఇలాంటివి ఉండి ఉండవచ్చు. అలాంటి చరిత్ర ఉంటే పెళ్ళికి ముందే జన్యువైద్య నిపుణుణ్ణి సంప్రదించటం మంచిది.

యూదులు చూపిన దారి

తూర్పు యూరపునుంచి వచ్చిన అష్కెనాజీ యూదుల్లో టే-సాక్స్ వాహకులు ఎక్కువ, దాదాపు 30 మందిలో ఒకరు. రక్తపరీక్షతో వాహకులను గుర్తించటం సాధ్యమయ్యాక, 1971లో అమెరికాలోని బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతాల్లో ఆ సమాజం స్వచ్ఛందంగా పరీక్షలు చేయించుకోవటం మొదలుపెట్టింది. డాక్టర్ మైకేల్ కాబాక్ దానికి పూనుకున్నాడు. ప్రార్థనా మందిరాల్లో ప్రచారం జరిగింది. ఫలితంగా ఉత్తర అమెరికా యూదుల్లో ఈ జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య తొంభై శాతానికి పైగా తగ్గిపోయింది. మందు కనిపెట్టి కాదు సుమా, ముందుగా తెలుసుకుని.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళే చేసుకునే ఛాందస యూదుల్లో 1983లో మరో పద్ధతి వచ్చింది. యువతీయువకుల రక్తం పరీక్షించి ఒక అంకె ఇస్తారు. వాహకులెవరో బయటికి చెప్పరు. సంబంధం చూసుకునేటప్పుడు రెండు అంకెలూ ఇచ్చి, ఈ జంట కుదురుతుందా లేదా అని మాత్రం అడుగుతారు. జాతకాలు కలిపి చూసే మనకు ఈ పద్ధతి వింతగా తోచదు.

ఇది యూదుల జబ్బు మాత్రమే అనుకోవటం పొరపాటు. మన దేశంలోనూ ఉంది. అహమ్మదాబాదు పరిశోధకులు గుజరాతీ కుటుంబాల్లో కొన్నిటిలో ఒకే రకమైన జన్యులోపం కనుగొన్నారు.

మీరు చేయవలసినవి

1. బిడ్డ నేర్చింది పోగొట్టుకుంటున్నాడని అనుమానం కలిగితే పిల్లల వైద్యుడికి, వీలైతే పిల్లల నరాల వైద్యుడికి చూపించండి. కంటి పరీక్ష అడిగి చేయించుకోండి.

2. ఎంజైము పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు. దానితోపాటు జన్యుపరీక్ష కూడా చేయించి, కాగితాలు భద్రంగా దాచండి. ఆ కాగితమే రేపు మీ ఇంట్లో మరో గర్భానికి రక్ష.

3. బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే, గుండె రాయి చేసుకుని ఒక పని చేయండి. నిర్ధారణ కాకముందే బిడ్డ దక్కకుండా పోవచ్చు. కనుక రక్తం తీసి డీఎన్ఏ భద్రపరచమని వైద్యుణ్ణి ముందే అడగండి.

4. మళ్ళీ గర్భం రాకముందే జన్యువైద్య నిపుణుణ్ణి కలవండి. గర్భం వచ్చాక వెళ్తే వ్యవధి చాలదు. హైదరాబాదులో నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, డీఎన్ఏ పరీక్షలు జరిపే సీడీఎఫ్‌డీ సంస్థ కలిసి, కేంద్రప్రభుత్వం అరుదైన జబ్బులకు ప్రకటించిన కేంద్రాల్లో ఒకటిగా పనిచేస్తున్నాయి.

5. భార్యాభర్తల తోబుట్టువులకు కూడా విషయం చెప్పండి. వారిలోనూ వాహకులు ఉండవచ్చు. పరువు పోతుందని దాస్తే మీకు వచ్చిన కష్టమే వారికి రావచ్చు.

గర్భిణులకు ఒక ముఖ్య గమనిక. గర్భంతో ఉన్నప్పుడు మామూలుగా రక్తం ద్రవభాగంలో చేసే ఎంజైము పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. తెల్లరక్తకణాల్లో చేసే పరీక్షో, జన్యుపరీక్షో కావాలి. పరీక్షకు ఇచ్చేటప్పుడు గర్భవతినని తప్పక చెప్పండి.

కొన్ని సందేహాలు

నెయ్యి, నూనె మానేస్తే ఈ కొవ్వు పేరుకోకుండా ఉంటుందా?

ఉండదు. ఇది తిండినుంచి వచ్చే కొవ్వు కాదు, కణం తనకు తాను తయారుచేసుకునేది. పథ్యంతో బిడ్డను మాడ్చవద్దు. అలాగే "మెదడు బలానికి" అని అమ్మే టానిక్కులు దీనికి పనిచేయవు.

మందు అసలే లేదా?

టే-సాక్స్‌ను నయం చేసే మందు లేదు, పరిశోధనలు సాగుతున్నాయి. గాషే జబ్బుకు లేని ఎంజైమును సూది ద్వారా ఇచ్చే చికిత్స 1991లోనే వచ్చింది. రక్తంలోంచి ఆ ఎంజైము మెదడులోకి దాటలేదు. అందుకే ప్లీహం తగ్గుతుంది గాని నరాల జబ్బుకు ఆ పద్ధతి చాలదు. ఇదే కుటుంబానికి చెందిన మరో జబ్బుకు, మయలిన్‌ను పాడుచేసే మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీకి, జన్యుచికిత్స వచ్చింది. 2020లో యూరపు, 2024లో అమెరికా అనుమతి ఇచ్చాయి. అమెరికాలో అది మార్కెట్లోకి వచ్చినప్పుడు ప్రకటించిన ధర 42.5 లక్షల డాలర్లు. అదికూడా లక్షణాలు కనిపించకముందో, తొలిదశలోనో ఇస్తేనే ఫలితం. ముందుగా గుర్తించటం ఎంత ముఖ్యమో దీనివల్ల కూడా తెలుస్తుంది.

కడుపులో ఉండగానే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. మొదటి బిడ్డ జబ్బు పేరు, జన్యులోపం తెలిసి ఉంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయనుంచి చిన్న ముక్క తీసి గాని, 16 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి గాని పరీక్షిస్తారు. ఇలాంటి జబ్బుల కోసం పరీక్ష చేయటాన్ని 1994 చట్టం అనుమతిస్తుంది. ఆడా మగా అని అడగటం, చెప్పటం మాత్రం నేరం. ఫలితం చూశాక ఏం చేయాలన్నది ఆ దంపతులు నిర్ణయించుకోవలసిన విషయం. బంధువుల ఒత్తిడి అందులో ఉండకూడదు.

జబ్బు ఉన్న బిడ్డను ఎలా చూసుకోవాలి?

పాలు పట్టేటప్పుడు తల ఎత్తిపెట్టండి, ఊపిరితిత్తుల్లోకి పాలు పోకుండా ఉంటుంది. మింగలేని దశలో ముక్కుగొట్టం ద్వారా ఆహారం ఇవ్వటం వైద్యులు నేర్పుతారు. మూర్ఛమందు ఒక్కరోజు కూడా తప్పనివ్వకండి. గంటగంటకూ పక్క మార్చండి, కీళ్ళు బిగుసుకుపోకుండా మెల్లగా కదిలించండి. ఇంట్లో పెద్ద చప్పుళ్ళు తగ్గించండి. చూపు పోయినా తల్లి గొంతు, తల్లి స్పర్శ బిడ్డకు ఊరట ఇస్తాయి. కనుక జోలపాట మానకండి. రాత్రంతా మేలుకునేది తల్లి ఒక్కతే కాకుండా ఇంట్లోవారు వంతులు వేసుకోండి.

ఆరోగ్యంగా ఉన్న అన్నయ్యకో అక్కయ్యకో ఏమైనా ప్రమాదమా?

పసితనం దాటి ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ రకం జబ్బు రాదనే చెప్పవచ్చు. కాని వారు వాహకులయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. పెళ్ళీడు వచ్చినప్పుడు వారికి ఈ విషయం చెప్పి పరీక్ష చేయించాలి. దగ్గరి సంబంధాల జోలికి పోకుండా ఉంటే మరీ మంచిది.

బిడ్డ మొదటిసారి నవ్విన రోజు, బోర్లపడిన రోజు, కూర్చున్న రోజు తేదీలు క్యాలెండరు మీద రాసిపెట్టుకునే అలవాటు చాలామంది తల్లులకు ఉంది. ఇది మంచి అలవాటు. వైద్యుడు అడిగినప్పుడు ఆ తేదీలు చూపించండి. వచ్చిన ఆటల్లో ఏదైనా కనబడటం మానేస్తే, ఆ తేదీని కూడా పక్కనే రాయండి. రాసి, కాగితం మడిచి పెట్టకుండా ఆ వారంలోనే ఆసుపత్రికి బయలుదేరండి.